సోల్వే వద్దన్నాడట

మా తమ్ముడు తనే వద్దన్నాడట. నార్డ్‌ఫైర్ బృందం గురించి ఏ పత్రిక తిరగేసినా ఈ వాక్యం తగులుతుంది. "మొదటి డ్రమ్మర్ సోల్వే ఎడ్లుండ్ అమెరికా పర్యటనకు ముందు తన ఇష్టప్రకారం తప్పుకున్నాడు." తన ఇష్టప్రకారం! ఆ ముక్క రాసిన పెద్దమనిషి ఎవరో ఒక్కసారి వచ్చి నా సెలూన్ కుర్చీలో కూర్చుంటే బాగుండును. మెడకు గుడ్డ కట్టాక వాడెక్కడికీ పోలేడు, కత్తెర నా చేతిలో ఉంటుంది, జరిగిందేమిటో తీరిగ్గా చెప్పి పంపిస్తాను.

నా పేరు ఇంగెర్. యూస్‌ఫోర్స్ అనే చిన్న మిల్లు ఊళ్ళో ముప్ఫై ఏళ్ళుగా జుట్టు కత్తిరిస్తున్నాను. సోల్వే నాకన్నా ఐదేళ్ళు చిన్నవాడు. నీ కథ చెప్పరా అని వాణ్ణి అడిగితే "చెప్పడానికేముంది?" అంటాడు, కాఫీ పోసుకుంటాడు, కిటికీలోంచి మబ్బులు చూస్తాడు. వాడు నోరు విప్పడు కాబట్టే ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళు చెప్పిందే కథ అయి కూర్చుంది. నాకు ఒళ్ళు మండి ఇప్పుడు నేను చెబుతున్నాను.

మా నాన్న కాగితపు గుజ్జు మిల్లులో, దుంగల బెరడు ఒలిచేచోట పనిచేసేవాడు. అక్కడ ఇల్లంత పొడుగున్న ఇనప డ్రమ్ము ఒకటి తిరుగుతూ ఉండేది. నదిలో కొట్టుకొచ్చిన దుంగల్ని అందులో పోస్తే అవి ఒకదాన్నొకటి గుద్దుకుని బెరడు ఊడేది. ఆ చప్పుడు ఊరంతా వినబడేది. బరువుగా రెండు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి, మళ్ళీ రెండు. బయటి ఊళ్ళ చుట్టాలకు తల పగిలిపోయేది. మాకు మాత్రం ఎప్పుడైనా అది ఆగిపోతే నిద్ర పట్టేది కాదు. సోల్వే భోజనాల బల్ల మీద చెంచాతో అదే వాయించేవాడు. మా అమ్మ చెంచా లాక్కుంటే వేళ్ళతో వాయించేవాడు. చెయ్యి పట్టుకుంటే కాలితో మొదలుపెట్టేవాడు. చివరికి నాన్నే విసిగిపోయి, మిల్లు బ్యాండు మేళంవాళ్ళు పక్కన పడేసిన పాత డ్రమ్ములు మోసుకొచ్చి కట్టెల కొట్లో పెట్టాడు.

కొన్నీ అనే కుర్రాడు మా పక్కింటివాడు. వాళ్ళమ్మకు మిల్లులో రాత్రి షిఫ్టులు, అందుకని వాడి తిండీ తిప్పలూ మా ఇంట్లోనే. గొంతు మంచిది, పొగరు కూడా తగినంత ఉండేది. వీడు డ్రమ్ములు, వాడు పాట, బడిలో గిటారు కోసం ప్రాణం ఇచ్చే ఉర్బన్ ఒకడు, ఏం చెప్పినా తలూపే తూర్డ్ బేస్ గిటారుకి. ఇదే నార్డ్‌ఫైర్. మొదలుపెట్టింది సోల్వే. పేరు పెట్టింది సోల్వే. కార్మికుల ప్రజాభవనం కింద నేలమాళిగలో గది సంపాదించింది కూడా వాడే. మా దగ్గర నలుగురు కూర్చుని ఏదైనా నేర్చుకుంటామంటే దాన్ని అధ్యయన బృందం అంటారు. గదీ కరెంటూ ఉచితం. ఆ నలుగురిలో ఒకడు పెద్దగా ఉండి తాళాలు తీసుకోవాలి, వేళకు రావాలి, పోయేముందు నేల తుడవాలి. మిగతా ముగ్గురికీ వేళ అన్నది లేదు, చీపురు అన్నది తెలియదు. అంచేత ఆరేళ్ళపాటు ఆ రాక్ బృందం వెనక నేల తుడిచింది మా సోల్వేనే.

జుట్టు నేను చూసుకున్నాను. ఆ రోజుల్లో ఆ సంగీతానికి గొంతు తర్వాత జుట్టే ముఖ్యం. నలుగురినీ వరసగా మా వంటింట్లో కూర్చోబెట్టి, చుట్టలు చుట్టి, మందు పూసి ఉంగరాలు తిప్పాను. మా నాన్న షిఫ్టు దిగొచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు. ఆ వాసనకు మిల్లు వాసనే నయం అన్నాడు. ఆ జుట్టే తర్వాత గోడల మీద బొమ్మలై జపాన్ దాకా వెళ్ళింది, దానికి నాకెవరూ థాంక్సయినా చెప్పలేదు. పోనివ్వండి, ఇప్పుడు నా గొడవ కాదు.

సుండ్స్‌వాల్‌లో పోటీ గెలిచారు. స్టాక్‌హోమ్ నుంచి పొంతుస్ అనే మేనేజరు వచ్చి వాళ్ళను పట్టుకున్నాడు. మొదటి రికార్డులో నది మీద ఒక పాట ఉంది. మేం దాన్ని నది పాట అనే అంటాం. మాటలు రాసింది కొన్నీ, పెద్ద గొప్పగా ఏమీ ఉండవు. ఆ పాటను నిలబెట్టింది కింద మోగే తాళం. బరువుగా రెండు, ఆగి ఒకటి, మళ్ళీ రెండు. దేశమంతా దానికి తలలూపింది. రేడియోలో మొదటి స్థానం, టీవీ, జర్మనీ, ఆపైన జపాన్. అక్కడ విమానాశ్రయంలో ఆడపిల్లలు ఏడ్చారట. సోల్వే ఫోన్ చేసి "అన్నం బాగుంటుందక్కా ఇక్కడ" అన్నాడు. అంతే, ఇంకేం చెప్పలేదు. ఊరు ఎంత మురిసిందో మాకు తెలుసు, బయటికి మాత్రం ఎవరూ అనలేదు. మా ఊళ్ళో అందరికన్నా పెద్ద పొగడ్త "బాగాలేకపోలేదు" అన్నది. సోల్వే ఇంటికొచ్చిన మర్నాడు మిల్లు గేటు దగ్గర ఫోర్‌మన్ వాడి భుజం మీద చెయ్యి వేసి ఆ మాట అన్నాడు. వాడు ఇంటికొచ్చేదాకా చెవులు ఎర్రగానే ఉన్నాయి.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర ఇంటికొచ్చినవాణ్ణి కాఫీ తాగుతావా అని అడిగితే వాడు మొదట వద్దంటాడు. మళ్ళీ అడగాలి. "అయ్యో, ఎందుకు శ్రమ" అంటాడు. మూడోసారి అడిగాక కుర్చీ లాక్కుంటాడు. మొదటిసారికే కప్పు చాపేవాణ్ణి తిండిపోతు అంటాం, ఒక్కసారి అడిగి ఊరుకున్నవాణ్ణి పిసినారి అంటాం. కాఫీ ఒక్కటే కాదు, దేనికైనా ఇంతే. పెళ్ళిలో పాడమన్నా, సంఘానికి అధ్యక్షుడిగా ఉండమన్నా, మొదట "నేనెందుకులే" అనకపోతే వాడికి సిగ్గు లేదని లెక్క. మా అమ్మ బంగాళాదుంపలు వడ్డిస్తే కొన్నీ కూడా రెండుసార్లు వద్దనేవాడు, మూడోసారి పళ్ళెం చాపేవాడు. పాలు తాగే వయసు నుంచీ వాడు ఈ పద్ధతి మా బల్ల దగ్గరే నేర్చుకున్నాడు.

ఎనభై ఎనిమిది వసంతంలో పొంతుస్ మా ఊరొచ్చాడు. మంచు కరిగి రోడ్లన్నీ బురద. ఆ మహానుభావుడు బూట్లు విప్పకుండా తిన్నగా మా వంటింట్లోకి నడిచాడు. కాఫీ అడిగితే మొదటిసారికే "ఇవ్వు" అన్నాడు. దాల్చిన చెక్క బన్ను తీసుకోమనకుండానే తీసుకున్నాడు. పోనీ, స్టాక్‌హోమ్‌వాడు, తెలియదు అనుకున్నాను. కొన్నీ, ఉర్బన్, తూర్డ్ బల్లకు అటు కూర్చున్నారు. వాళ్ళు ముందే రాజధానిలో మాట్లాడుకుని వచ్చారు. పర్యటనలు లేనప్పుడు సోల్వే నాన్న మిల్లులోనే పనిచేసేవాడు, షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు, జుట్టులో రంపపు పొట్టు.

"అమెరికా ఖాయమైంది," అన్నాడు పొంతుస్. "ఈ మూల నుంచి ఆ మూలకి, ఎనిమిది నెలలు. వీళ్ళు ముగ్గురూ సరేనన్నారు. సోల్వే, నీకు మిల్లుంది కదా. నువ్వొస్తావా?"

సోల్వే మొహం చూశాను. అంత వెలుగు ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. వెంటనే తల వంచేసి మా ఊరివాడు ఎవడైనా అనే మాటే అన్నాడు.

"నేనెందుకులే. నాకన్నా బాగా వాయించేవాళ్ళు బోలెడంతమంది ఉంటారు. వాళ్ళనెవరినైనా తీసుకెళ్ళండి."

పొంతుస్ బన్ను నములుతూ తలూపాడు. "అలాగా. బాధగానే ఉంది. అయినా నీ నిర్ణయం నీది, దాన్ని గౌరవిస్తాను."

గౌరవిస్తాడట! నేను కొన్నీ వైపు చూశాను. "ఏం మాటల్రా అవి, నువ్వు లేకుండా ఎలా?" అని వాడు ఒక్కమాట అంటే చాలు. కొన్నీ తల ఎత్తలేదు. చక్కెర వేసుకోని కాఫీని చెంచాతో తిప్పుతూనే ఉన్నాడు. ఉర్బన్ గోళ్ళు చూసుకున్నాడు. తూర్డ్ మామూలుగానే తలూపాడు. నేను నోరు తెరిచేసరికి సోల్వే బల్ల కింద నా కాలు తొక్కాడు. అదీ నిజమే. పిలవాల్సింది పిలిచేవాళ్ళు. సొంత అక్క బతిమాలి పిలిపించుకుంటే దాన్ని అడుక్కోవడం అంటారు.

తర్వాత సోల్వే సంచి సర్దుకుని గుమ్మం పక్కన పెట్టాడు. డ్రమ్ము కర్రలు దాని మీద అడ్డంగా. మిల్లులో సెలవు కూడా మాట్లాడుకున్నాడు. ఫోన్ మోగితే చాలు, తడి చేతులతో పరిగెత్తేవాడు. ఒకసారి పళ్ళ డాక్టరు, ఒకసారి మా పిన్ని, ఒకసారి ఎవరో తప్పు నంబరు. కొన్నీ వాళ్ళమ్మ గోడ అవతలే ఉంది. కొన్నీ ఆమెను చూడ్డానికి వచ్చాడు, వెళ్ళాడు, మా గుమ్మం తొక్కలేదు. చివరికి ఒక రోజు పత్రికలో బొమ్మ పడింది. నార్డ్‌ఫైర్ కొత్త డ్రమ్మరు రిక్కీ, గోతెన్‌బర్గ్‌వాడు, చొక్కా లేకుండా. కింద కొన్నీ మాట. "సోల్వే తనే వద్దన్నాడు. వాడికి ఊరే ఇష్టం."

నేను ఆ పత్రిక చింపి పొయ్యిలో పెట్టాను. సోల్వే సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో సర్దాడు.

"రెండోసారి అడిగుంటే వెళ్ళేవాడివా?" అన్నాను.

"అడగలేదుగా," అన్నాడు.

"అడిగుంటే అంటున్నా!"

"నడిచైనా వెళ్ళేవాణ్ణక్కా," అన్నాడు. మళ్ళీ ఆ సంగతి వాడి నోట నేను వినలేదు.

పొంతుస్‌కు మా పద్ధతి తెలియదు, వాణ్ణి క్షమించొచ్చు. ఉర్బన్, తూర్డ్ పిరికివాళ్ళు, వదిలేయొచ్చు. కొన్నీకి తెలుసు. సోల్వే అన్న ఆ మాటకు అర్థం ఏమిటో భూమ్మీద అందరికన్నా బాగా వాడికే తెలుసు. వాడికి చొక్కా లేని డ్రమ్మరు కావాలి, రంపపు పొట్టు అక్కర్లేదు. ఆ సంగతి మొహం మీద చెప్పే దమ్ము లేక, మా మర్యాదనే మా తమ్ముడి మెడకు ఉచ్చు చేశాడు.

బృందం ఎక్కువకాలం నిలవలేదు. రిక్కీ నది పాటను పరుగెత్తించి వాయించేవాడు, దుంగలు కాదు, గోళీలు దొర్లినట్టుండేది. ఉర్బన్ గిటారు మొదలుపెడితే ఆపేవాడు కాదు. వాడు వాయిస్తున్నంతసేపూ కొన్నీ వేదిక మీద ఏం చెయ్యాలో తెలియక జుట్టు ఎగరేసేవాడు. మూడో రికార్డు అట్ట మీద మధ్యలో ఎవరు నిలబడాలనే దగ్గర గొడవ మొదలై, హాంబర్గ్ హోటల్లో ఒకళ్ళ మొహం మీద ఒకళ్ళు సాసేజ్ పళ్ళేలు విసురుకునేదాకా వెళ్ళింది. మర్నాడు ప్రకటన ఇచ్చారు, సంగీతపరమైన అభిప్రాయభేదాలని! ఆవాల ముద్ద జుట్టులో ఎండిపోయి ఉండగా ఇచ్చిన ప్రకటన అది. ఉర్బన్ ఊమియోలో బడిపిల్లలకు గిటారు నేర్పే పంతులయ్యాడు. తూర్డ్ ఎవరు ఏ ఉద్యోగం చెయ్యమంటే అది చేశాడు. కొన్నీ ఫిన్లాండ్ వెళ్ళే ఓడల మీద తాగినవాళ్ళకు పాటలు పాడాడు.

సోల్వే మిల్లుకే వెళ్ళాడు, దాన్ని మూసేసేదాకా. ఆ తర్వాత మునిసిపాలిటీవాళ్ళు మంచు హాకీ మైదానంలో పని ఇచ్చారు. మంచు నున్నగా చేసే బండి తోలడం వాడి ఉద్యోగం. పెళ్ళయింది, ఒక కూతురు. శనివారాలు ప్రజాభవనంలో ముసలివాళ్ళ డాన్సులకు, అకార్డియన్ పక్కన కూర్చుని మెత్తగా తాళం వేసేవాడు. ఇంటికొచ్చాక కట్టెల కొట్లో నార్డ్‌ఫైర్ పాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా వాయించేవాడు. చలికాలంలో ఉన్ని చేతితొడుగులు వేసుకుని మరీ వాయించేవాడు. వాడు లేకుండా చేసిన రికార్డుల్లోవి కూడా. ఎందుకురా అంటే "ఒళ్ళు వేడెక్కుతుంది" అనేవాడు.

ఊళ్ళో ఎగతాళికి కొదవ లేదు. ఎండాకాలపు పండగలో నాలుగు గుక్కలు పడగానే ఎవడో ఒకడు మొదలుపెట్టేవాడు. "ఏంటి సోల్వే, అమెరికా వద్దన్నావటగా! మా ఆవిడ చేపల పులుసు కూడా వద్దనవు కదా నువ్వు!" వాడు నవ్వేవాడు. నాకు మాత్రం ఆ పులుసు గిన్నె ఎత్తి అన్నవాడి నెత్తిన బోర్లించాలని ఉండేది. అన్నది మా ఊరివాళ్ళేనండీ! అదే మాట రోజూ అనే జనం. పత్రికలో అచ్చు పడేసరికి వాళ్ళూ నమ్మేశారు.

ఇరవై మూడేళ్ళు గడిచాయి. పాత జుట్టు బృందాలన్నీ మళ్ళీ కలుస్తున్న రోజులు వచ్చాయి. నార్డ్‌ఫైర్ కూడా కలుస్తుందనీ, మొదటి కచేరీ జూలైలో మా ఊరి ప్రజాపార్కులోనే అనీ వార్త వచ్చింది. విలేఖరి పిల్ల కొన్నీని అడిగింది, మొదటి డ్రమ్మరు ఉంటాడా అని. "తప్పకుండా అడుగుతాం. సోల్వే మా తమ్ముడి లాంటివాడు," అన్నాడు కొన్నీ. వాడి తమ్ముడట!

మే నెలలో కొన్నీ వచ్చాడు. చేతిలో దుకాణంలో కొన్న ఆకుపచ్చ కేకు. నేను సోల్వే వంటింట్లో వాడి జుట్టు కత్తిరిస్తున్నాను. ఒక పక్క అయింది, ఒక పక్క ఇంకా చెవి మీద వేలాడుతోంది. కొన్నీ బూట్లు విప్పాడు, అంతవరకూ మర్యాద గుర్తుంది. నెత్తి మీద జుట్టు మాత్రం పెద్దగా మిగల్లేదు. అది చూసి నాకు కలిగిన ఆనందం దాచుకోను.

వాతావరణం గురించి మాట్లాడాడు. చేపల గురించి మాట్లాడాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సోల్వే, కచేరీ సంగతి విన్నావుగా. మరి నువ్వు... వస్తావా వాయించడానికి?"

"వస్తాను," అన్నాడు సోల్వే.

కొన్నీ అప్పటికే నోరు తెరిచి ఉన్నాడు. "అయ్యో, సరేలే" అనడానికి సిద్ధం చేసుకున్న నోరు అది. మాట బయటికి రాక అలాగే ఉండిపోయింది. నా కత్తెర కూడా ఆగిపోయింది. నలభై ఆరేళ్ళలో మా తమ్ముడు మొదటిసారికే సరే అనడం నేను ఎప్పుడూ వినలేదు, కాఫీకి కూడా.

"ఏంటి?" అన్నాడు కొన్నీ.

"వస్తానన్నాను. ప్రాక్టీసు ఎప్పుడు?"

కొన్నీ మొహం బీట్‌రూట్‌లా అయింది. "అది... సోల్వే, అంటే... రిక్కీతో ఒప్పందం అయిపోయింది. పోస్టర్లు కూడా వేసేశారు. నువ్వు వద్దంటావనుకున్నాను."

వాడి నోటితో వాడే చెప్పాడు. నేను కత్తెర బల్ల మీద పెట్టేశాను. చేతిలో ఉంచుకుంటే మంచిది కాదనిపించింది.

"అంటే వద్దంటాడని తెలిసే అడగడానికొచ్చావా? పేపర్లో మళ్ళీ 'అడిగాం, తనే వద్దన్నాడు' అని రాయించుకోవడానికా?"

"ఇంగెర్, అలా కాదు..."

"ఎలా కాదు? మా అమ్మ చేతి ముద్ద తిని పెరిగావు కదరా! నువ్వు రెండుసార్లు వద్దన్నా మూడోసారి వడ్డించకుండా ఆమె ఎప్పుడైనా గిన్నె ఎత్తిందా? ఆ రోజు మా బల్ల దగ్గర కూర్చుని ఒక్కమాట, ఒక్క మాట అనడానికి నీ నోరు పడిపోయిందా? చక్కెర లేని కాఫీ ఏం తిప్పావురా అంతసేపు?"

కొన్నీ కేకు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాదనలేదు. వాడు అబద్ధం చెప్పినా నాకు కాస్త శాంతిగా ఉండేదేమో. సోల్వే మెడ చుట్టూ ఉన్న గుడ్డ తనే విప్పుకుని వెంట్రుకలు సింకులో దులిపాడు.

"మాట్లాడి చూడు," అన్నాడు కొన్నీతో. "నేనైతే వస్తానన్నాను."

వారం తర్వాత పొంతుస్ నుంచి కబురు వచ్చింది. సోల్వేకు ఒక్క పాట ఇస్తారట, అతిథిగా. నది పాటే. అది మొదట్లోనే పాడేస్తారట, ఎందుకంటే కొన్నీ గొంతు ఆ పై స్వరం ఇప్పుడు మొదట్లో అయితేనే అందుకుంటోంది, ఆలస్యమైతే పిల్లి అరుపే. ఆ పాట అవగానే సోల్వే దిగిపోతాడు, రిక్కీ కూర్చుంటాడు.

"వెళ్ళకు," అన్నాను. "నీ బృందంలో నువ్వు అతిథివా? సిగ్గులేదట్రా వాళ్ళకి? మొహాన కొట్టినట్టు రానని చెప్పు."

"రాననే అనుకుంటున్నారుగా," అన్నాడు సోల్వే. "నేను వెళ్తానక్కా."

నేను ఊరుకునే మనిషిని కాను. మే నుంచి జూలై దాకా నా కుర్చీలో కూర్చున్న ప్రతి తలకీ ఈ కథ మొత్తం చెప్పాను. షాంపూ చేసేటప్పుడు మొదలుపెడితే ఆరబెట్టేసరికి పూర్తయ్యేది. చేపల పులుసు ఎగతాళివాడికి రెండుసార్లు చెప్పాను, వాడు తల దించుకుని "మాకెందుకు తట్టలేదు ఇంగెర్?" అన్నాడు. నాకేం తెలుసు ఎందుకు తట్టలేదో!

కచేరీ రోజు ఊరు ఊరంతా పార్కులోనే ఉంది. మా జూలైలో సాయంత్రమైనా ఎండ పోదు, కాబట్టి ఎవరి మొహంలో ఏముందో అందరికీ కనబడుతుంది. సోల్వే శుభ్రమైన గళ్ళ చొక్కా వేసుకున్నాడు. రిక్కీ ఇప్పుడు చొక్కా వేసుకునే ఉన్నాడు, పొట్ట కూడా వచ్చింది. మనిషి మంచివాడేనని ఒప్పుకోవాలి. మెట్ల దగ్గర సోల్వేకు చెయ్యిచ్చి "నువ్వే వద్దన్నావని చెప్పారు నాకు," అన్నాడు. "ఒకసారన్నాను," అన్నాడు సోల్వే. రిక్కీ గోతెన్‌బర్గ్‌వాడు, మా పద్ధతి తెలియదు, అర్థం కాలేదు.

కొన్నీ మైకు ముందుకొచ్చి చేతులు చాపాడు. "మన సోల్వే! అడగ్గానే, ఒక్క క్షణం ఆలోచించకుండా వస్తానన్నాడు!" జనం చప్పట్లు కొట్టారు. దాన్నీ తన గొప్పగా చెప్పుకున్నాడు చూశారా! నేను ముందు వరసలో నిలబడి పళ్ళు కొరుక్కున్నాను.

సోల్వే మొదలుపెట్టాడు. బరువుగా రెండు, ఆగి ఒకటి, మళ్ళీ రెండు. తొందర లేదు. ఉర్బన్ అలవాటుగా పరుగెత్తబోయి వెనక్కి తగ్గాడు. తూర్డ్ తలూపాడు, ఈసారి సరైనదానికే ఊపాడు. మిల్లు మూతపడి పన్నెండేళ్ళు. ఆ చప్పుడు ఊళ్ళో మళ్ళీ మోగుతుందని ఎవరూ అనుకోలేదు. సాసేజ్ బండి దగ్గర క్యూలో నిలబడిన ముసలి మిల్లు కార్మికులు నమలడం ఆపేశారు. మా నాన్నతో పనిచేసిన ఒకాయన టోపీ తీసేశాడు. నేను ఏడ్చాను, ఎందుకు దాచాలి? కోపంతో సగం, మిగతాది దేనితోనో.

పాట అయిపోయింది. పార్కు అరుపులతో ఊగిపోయింది. కొన్నీ చెయ్యి వేదిక పక్క మెట్ల వైపు చూపించాడు. "సోల్వే ఎడ్లుండ్! ఇంకోసారి చప్పట్లు!" రిక్కీ కర్రలు పట్టుకుని మెట్లెక్కాడు. సోల్వే కదల్లేదు.

కొన్నీ మైకు కిందికి దించి దగ్గరికి వెళ్ళాడు, అయితే డ్రమ్ముల మీద ఇంకో మైకు ఉందని మరిచిపోయాడు. మాటలన్నీ పార్కంతా వినబడ్డాయి.

"ఇక దిగరా. రిక్కీ వచ్చాడు."

"వద్దులే," అన్నాడు సోల్వే.

కొన్నీ నవ్వడానికి ప్రయత్నించాడు. "సోల్వే, అందరూ చూస్తున్నారు. మాట్లాడుకున్నాం కదా, ఒక పాటే అని. రా, దిగు."

"ఎందుకు శ్రమ? ఇక్కడ బాగానే ఉంది."

మొదట సాసేజ్ బండి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. అది వరస వరసకూ పాకింది. ఇదేమిటో మా ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను నా గొంతంతా పెట్టి అరిచాను. "మూడోసారి అడగరా కొన్నీ! అడగాలి! పద్ధతి తెలియదా నీకు?"

"అడుగు! అడుగు!" అని పార్కంతా అందుకుంది.

కొన్నీ జనం వైపు చూశాడు, పక్కన నిలబడ్డ పొంతుస్ వైపు చూశాడు, చివరికి మా తమ్ముడి వైపు చూశాడు.

"సోల్వే," అన్నాడు చిన్నగా. "దిగుతావా?"

రిక్కీ అప్పటికే తన కర్రలు జేబులో పెట్టుకుని, ఒక స్పీకరు పెట్టె మీద కూర్చుని బీరు మూత తీస్తున్నాడు. సోల్వే చొక్కా చేతితో నుదురు తుడుచుకుని కొన్నీ కళ్ళలోకి చూశాడు. వాడు ఎవరి కళ్ళలోకైనా అంతసేపు చూడటం నేను ఎరగను.

"వద్దు కొన్నీ," అన్నాడు. "నిజంగానే వద్దు."

కర్రలు పైకెత్తి, ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని కొట్టి, తర్వాతి పాట ఎత్తుకున్నాడు.